ముందు రిఫరీలు

పెద్దాసుపత్రి,
రక్తపరీక్షల గది బయట బల్ల మీంచి

అన్నయ్యకు,

ఈల వేసి మరీ చెబుతున్నాను, విను. నీకు గర్వం తెప్పించే వార్త, నాకు గుబులు పుట్టించే వార్త. రెండూ ఒకటే. మన పరీక్షలు సరిపోయాయి. అంతంతమాత్రంగా కాదు, అచ్చుగుద్దినట్టు. డాక్టరమ్మ కాగితం చూసి, "మీరిద్దరూ కవలలా?" అంది. "కాదండీ, చిన్నప్పటినుంచీ పిల్లీ ఎలుకా" అన్నాను.

మందులకు నా రక్త కాన్సరు ప్రస్తుతం తల దించుకుంది. అది మళ్లీ తలెత్తకూడదంటే నా ఎముకల్లోని మూలుగను ఖాళీ చేసి నీది నింపాలి. అంతవరకు బానే ఉంది. చిక్కల్లా నీ మూలుగ వెంట నీ సైనిక కణాలు కూడా దిగుతాయి. అవి నా ఒంట్లో కళ్లు తెరిచి, ఇదేదో పరాయి ఊరు అనుకుని, కనిపించిన గోడనల్లా కూలగొట్టొచ్చట. చర్మం, పేగులు, కాలేయం, దేన్నీ వదలవట. కాన్సరును గెలిచి దీని చేతిలో ఓడినవాళ్లు ఉన్నారని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. పోనీ సైనికుల్ని మొత్తానికే ఏరేద్దామా అంటే, నాలో నక్కిన కాన్సరును వెతికి పట్టుకునేది వాళ్లే.

ఇదంతా వింటుంటే నాకు నువ్వే కళ్ల ముందు మెదిలావు. ఎవరింటికైనా వెళ్తే చెప్పులు విప్పకముందే వాళ్ల టీవీ మీద ప్రసంగం మొదలెట్టే మనిషివి. నీ కణాలకు నీ బుద్ధే వస్తే నా కాలేయం గతేం కాను?

అందుకే ఇక్కడ ఒక కొత్త పద్ధతి చేస్తున్నారు. నీ రక్తంలోంచి తీసిన కణాలను లాబులో వేరుచేస్తారు. వాటిలో తగువులు ఆపేవి కొన్ని ఉంటాయట. "ఆగండ్రా, వీళ్లు మనవాళ్లే" అని సైనికుల రెక్క పట్టుకుని వెనక్కి లాగేవి. వాటికి డాక్టరమ్మ ఏదో బారెడు పేరు చెప్పింది. నేను రిఫరీలు అని పెట్టుకున్నాను. మైదానంలో మా రిఫరీల్లాగే వాళ్లూ చాలా తక్కువమంది. మూలుగ కణాలతోపాటు ముందు ఈ రిఫరీలను ఎక్కిస్తారు. వాళ్లు చోటు చూసుకుని నిలదొక్కుకున్నాక, రెండు రోజులు ఆగి ఆటగాళ్లను వదులుతారు. ఆట మొదలయ్యాక వచ్చే రిఫరీకి ఎంత విలువుంటుందో ఫుట్‌బాల్ మైదానంలో తిట్లు తిని బతికే నాకు ఒకరు చెప్పాలా? "కానివ్వండి" అన్నాను.

ఫోను మాత్రం చేయకు. మొన్న నువ్వు చేసినప్పుడు నేను స్పీకరు నొక్కకుండానే వార్డంతా విన్నది. పక్క మంచం పెద్దాయన "ఆమెన్" కూడా అన్నాడు. హెడ్ నర్సు అప్పుడే తీర్పు చెప్పేసింది: "మీ అన్నగారిని ఉత్తరాలు రాయమనండి. ఉత్తరానికి గొంతుండదు."

ఇస్తావా మరి? ఇస్తావని తెలుసు. అయినా అడగాలి కదా.

నీ చెల్లి

*

మైకుల మరమ్మతు షాపు,
స్టేషను వెనక వీధి

చెల్లాయికి, నీ ఇంటికీ నీ ఒంటికీ శాంతి సమాధానాలు కలుగుగాక!

ఉత్తరానికి గొంతుండదని ఆ నర్సమ్మకు ఎవరు చెప్పారు? చెరసాలలో కూర్చుని, చేతికి సంకెళ్లతో ఉత్తరాలు రాసి దేశాలను కుదిపేసినవాళ్లున్నారు! ఆవిడకు చదివి వినిపించు. నెమ్మదిగా చదివినా ఫరవాలేదు, దానంతటదే మోగుతుంది.

ఇస్తావా అని అడుగుతావా? మొదటి మనిషిని నిద్రబుచ్చి పక్కటెముక తీసినప్పుడు ఆయన అనుమతి ఎవరూ అడగలేదు. నువ్వు అడిగావు కాబట్టి ఒక మెట్టు పైనే ఉన్నావు. మూలుగ ఒక్కటే కాదు, కావాలంటే ఎముక కూడా పట్టుకుపొమ్మను.

నీ రిఫరీల సంగతి విని బల్ల గుద్దాను. బల్లమీది ఆంప్లిఫయరు కిందపడింది. ఇది కొత్త పద్ధతి అని ఎవరన్నారు? నేల ఈనినట్టు సైన్యాన్ని వెంటేసుకుని బయల్దేరిన ఆ సేనానిని ప్రభువు ఆపి, "ఇంతమంది వద్దు" అని ఏటి ఒడ్డుకు నడిపించి, ఎవడు నీళ్లెలా తాగుతున్నాడో చూసి వడబోయలేదా? ఆ ఏటి ఒడ్డునే మీరు ఇప్పుడు లాబు అంటున్నారు! డాక్టరమ్మకు ఈ ముక్క చెప్పాను. మీ పద్ధతి సంగతి తెలియకముందే, పరీక్షకు వచ్చిన రోజే చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "చాలా బాగుంది, చొక్కా చేయి పైకి మడవండి" అంది.

నీ జబ్బు చిక్కు నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే రోజూ చూసేదే. మైకును స్పీకరుకు ఎదురుగా పెడితే ఏమవుతుంది? స్పీకరు గొంతును మైకు విని, దాన్నే మళ్లీ స్పీకరుకు పంపి, అది ఇంకా పెద్దగా అరిచి, చివరికి కీచుమని జనం చెవులు మూసుకుంటారు. మైకు మంచిదే, స్పీకరూ మంచిదే. మధ్యలో పీక నొక్కేవాడు లేడు, అంతే తేడా. నీ ఒంట్లో కీచు రాకుండా చూసేవాళ్లను నేను పంపిస్తాను.

టైర్ల షాపు పైనున్న హాల్లో నిన్న మన ప్రార్థన సంఘం కూడింది. నీ విషయం చెప్పగానే ఇస్త్రీ అవ్వ ఏడ్చింది, లారీ డ్రైవరు ముక్కు చీదాడు. దర్జీ ఎప్పట్లాగే మూడో వరుసలో నిద్రపోయాడు. వాడిని ఆ తండ్రే మేలుకొలపాలి. చివర్లో అందరం లేచి నిలబడి ఒక తీర్మానం చేసుకున్నాం. అదేమిటని అడగకు. కుడిచేతి సంగతి ఎడమచేతికెందుకు?

వచ్చే నెల మీ వదినా నేనూ బయల్దేరి వస్తాం. ధైర్యంగా ఉండు!

నీ అన్న

*

ఆరో అంతస్తు,
గాలి యంత్రం హోరుమనే గది

అన్నయ్యకు,

నా కొత్త ఇల్లు చూస్తే నవ్వుతావు. రెండు తలుపులు. ఒకటి మూసుకుంటేగానీ రెండోది తెరుచుకోదు. పూలు రాకూడదు, పళ్లు రాకూడదు, మనుషులు రాకూడదు. నీ ఉత్తరం కూడా స్నానం చేసి వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన మందు నీళ్లతో తుడిచి ఇచ్చారు. పేజీ తిప్పాలంటే హెడ్ నర్సు బయటికి తీసుకెళ్లి తిప్పి తేవాలి. "మీ అన్నగారు ఇంకాస్త క్లుప్తంగా..." అని ఆవిడ మొదలెట్టి, తనే నవ్వేసింది.

జుట్టు తీయించేశాను. గుండు ఇంత గుండ్రంగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. మా మైదానం కుర్రాళ్లు చూస్తే దీంతోనే పెనాల్టీ కొడతారు.

ఇక అసలు సంగతి. గట్టి మందు మొదలైంది, అన్నయ్యా. నోరంతా పూసింది. మాట్లాడితే మంట, మింగితే మంట. అదీ ఓర్చుకోవచ్చు. కానీ ఇవాళ డాక్టరమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది: ఇక వెనక్కి దారి లేదట. నా మూలుగ ఎండిపోతోంది. నీది రాకపోతే నా ఒంట్లో రక్తం పుట్టే చోటంటూ ఉండదు. ఇప్పుడు నేను తలుపులు తీసి పెట్టిన ఖాళీ ఇంటినన్నమాట. తాళంచెవి నువ్వే.

అందుకే చెబుతున్నాను, బాగా తిను. నీళ్లు బాగా తాగు. రిఫరీలు నీ రక్తంలో వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉంటారు కాబట్టి యంత్రం మీద పొద్దంతా పడుకోవాల్సి ఉంటుంది. నరాలు నిండుగా ఉండాలి. ఇది చెల్లి మాట కాదు, డాక్టరమ్మ ఆజ్ఞ. నాకు ముద్ద దిగట్లేదు, నా వంతు కూడా నువ్వే తినెయ్.

నీ చెల్లి

*

ఆసుపత్రి ఎదుటి లాడ్జి,
వీధివైపు గది

చెల్లాయికి, సమాధానం!

వీధికి ఇటు నేను, అటు నువ్వు. కింద నుంచి మీ అంతస్తు లెక్కపెట్టి, ఒక కిటికీ కేసి మీ వదిన ఎర్ర తువ్వాలు ఊపింది. ఎవరో చెయ్యి ఊపారు. బట్టతలాయన. నువ్వేననుకుని కాసేపు ఏడ్చాం. తర్వాత ఆయన మీసం తడుముకున్నాడు.

సూదిమందు రోజూ వేస్తున్నారు. మూలుగలోంచి కణాలను రక్తంలోకి తరుముతుందట. తరుముతోంది, నిజమే! నడుము ఎముకల్లో ఎవరో గునపాలతో తవ్వుతున్నట్టుంది. ఎండిన ఎముకల లోయలో గాలి వీచి, ఎముకకు ఎముక గలగలా అతుక్కున్న సంగతి ఎన్నోసార్లు ప్రసంగించాను. ఎంత నొప్పిగా ఉంటుందో ఇప్పటిదాకా తెలియదు. ఇకపై ఆ భాగం చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తాను.

తిండి గురించి బెంగపడకు. మనిషి రొట్టెతో మాత్రమే బతకడు. నర్సులు రోజూ అడుగుతున్నారు, "తిన్నారా?" అని. "తృప్తిగా ఉన్నాను" అంటున్నాను. వాళ్లూ సంతోషం, నేనూ సంతోషం. మీ వదిన మాత్రం గుర్రుగా చూస్తోంది. ఆవిడ చూపుకు అర్థాలు వెతకడం నేనెప్పుడో మానేశాను.

రేపే యంత్రం. ఒక చేతిలోంచి రక్తం బయటికి పోయి, యంత్రంలో గిర్రున తిరిగి, కావలసినవి అక్కడ దింపి, మిగతాది రెండో చేతిలోంచి తిరిగొస్తుందట. చేతులు కదపకూడదట. చేతులు కదపకుండా నేను మాట్లాడటం ఎలా? ఇదొక్కటే నా భయం.

నీ అన్న

*

ఆరో అంతస్తు

అన్నయ్యకు,

తృప్తిగా ఉన్నావా?

వదిన ఉతికిన బట్టల మడతలో చీటీ పెట్టి పంపింది. హెడ్ నర్సు చదివి వినిపించింది. సూదులు మొదలైన రోజునుంచీ నువ్వు ముద్ద ముట్టలేదట. పొద్దుండగా నీళ్లు కూడా తాగలేదట. కణాలు నా ఒంట్లో పడేదాకా ఉపవాసమని సంఘమంతటి ఎదుట ఒట్టేశావట. ఇదా మీ తీర్మానం?

యంత్రం మీద ఏం జరిగిందో కూడా తెలిసింది. పెదాలు తిమ్మిరెక్కి, నరం ముడుచుకుపోయి, ఏదో చెప్పబోతూ చెప్పబోతూ తల వాల్చేశావట. యంత్రం ఆపేశారు. సెలైను ఎక్కించి, నిన్ను చక్రాల బండిలో లాడ్జికి తోలారు.

లాబు వాళ్ల కబురు విను. మూలుగ కణాలు చాలినన్ని వచ్చాయి. రిఫరీలు సగం కూడా రాలేదు. ఆ కాసినితో ఆటగాళ్లను వదిలితే నా ఒంట్లో ఏం జరుగుతుందో డాక్టరమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. రేపు ఇంకొక్కసారి ప్రయత్నిస్తారట. నువ్వు తిని, తాగి, మనిషిలా వస్తేనే. ఇలాగే వస్తే సూది దగ్గరికి కూడా రానివ్వనంది. అప్పుడిక ఉన్నవాటితో పాత పద్ధతిలో కానిచ్చి, దేవుడిమీద భారం వేయడమే. ఆ మాట నీకు తీయగా ఉండొచ్చు. నాకు లేదు.

ఒట్టు తప్పడం పాపమంటావు కదా. యుద్ధం గెలిస్తే ఇంటి గుమ్మంలోంచి మొదట ఎదురొచ్చినదాన్ని బలిస్తానని మొక్కుకున్న ఆ మొనగాడు గుర్తున్నాడా? డప్పు కొట్టుకుంటూ ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆ పిల్లకేం మిగిలింది?

నీ గుమ్మంలోంచి ఎదురొస్తున్నది నేను, అన్నయ్యా.

నీ చెల్లి

*

లాడ్జి

చెల్లాయికి,

వాక్యాన్ని నా మీదికే విసురుతావా! నిన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నేను వల్లెవేస్తుంటే, పల్లీలు నములుతూ విని నేర్చుకున్న వాక్యాన్ని!

ఉపవాసం ఎవరికోసం చేశాననుకున్నావ్? నా పొట్ట తగ్గించుకోవడానికా? నీ గదిలోకి నన్ను రానివ్వరు. నీ నోటి మంట నేను తీసుకోలేను. నువ్వు మింగలేని ముద్దను నేను మింగడమేమిటని, నాకు చేతనైన ఒక్కటీ నేను చేశాను. నలభై మంది ఎదుట చెయ్యెత్తి ప్రమాణం చేసినవాణ్ణి. నాతోపాటు వాళ్లూ పస్తులున్నారు. ఇస్త్రీ అవ్వ పస్తుంటోంది! ఆవిడకు పళ్లే లేవు, ఆ పొట్టకేం బలముంటుంది? ఇప్పుడు నేను లాడ్జి గదిలో తలుపేసుకుని తిని, తిరిగెళ్లి ఆవిడ ముఖం ఎలా చూడను? ఆ మొనగాడి కథకు జవాబు లేఖనంలోనే ఉంది. ఆగు, తీసి చూపిస్తాను.

ఇక్కడ కలం పక్కన పెట్టాను.

నిన్ను కొట్టడానికి రాయి వెతికాను. ఏం దొరికిందో విను. యుద్ధం రోజున ఒక రాజు, సాయంత్రందాకా ఎవడూ ఏమీ ముట్టకూడదని సైన్యమంతటి చేత ఒట్టేయించాడు. దారి పక్కన అడవిలో తేనె కారుతోంది. ఒక్కడూ చెయ్యి చాపలేదు. ఆ ఒట్టు సంగతి తెలియని రాజు కొడుకు మాత్రం కర్ర కొనతో కాస్త తీసి నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే వాడి కళ్లకు వెలుగొచ్చింది. మిగతావాళ్లు కళ్లు తేలేసి నడుస్తున్నారు. సంగతి తెలిశాక వాడు నాన్నను ఏమన్నాడంటే, జనం తిని ఉంటే ఇంకా బాగా పోరాడేవాళ్లు కదా అని.

ఈ భాగం నేను ఎన్నిసార్లు ప్రసంగించానో! ప్రతిసారీ రాజు వైపే నిలబడి అరిచాను.

మీ వదిన బల్ల మీద రొట్టె, గుడ్లు, పెద్ద గ్లాసుడు పాలు పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను పుస్తకం మూసి ఆవిడ కేసి చూశాను. "ఏమంటున్నాడు దేవుడు?" అంది. "తినమంటున్నాడు" అన్నాను. "నేను మొన్ననే అన్నాను. నా మాటకు విలువ లేదు, ఆయన చెప్తే మాత్రం వింటారు" అని రొట్టె తుంచింది.

తిన్నాను, చెల్లాయ్. ఒట్టు తప్పాను. మొదటి ముద్దకు కళ్లవెంట నీళ్లొచ్చాయి, రెండోదానికి ఇంకో గుడ్డు అడిగాను. ఇప్పుడు జగ్గు నిండా నీళ్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీ వదిన లెక్కపెడుతోంది.

రేపు నోరు మూసుకుని పడుకుంటాను.

అన్న

*

ఆరో అంతస్తు

అన్నయ్యకు,

వచ్చేశారు! నిండుగా, చాలినంతమంది!

లాబు వాళ్లు ఏరి పంపిన సంచీని నర్సు రెండు చేతుల్లో పట్టుకుని తెచ్చింది. నేను పెద్ద పెట్టె వస్తుందనుకున్నాను. నా పిడికిలంత సంచీ, లోపల పల్చటి గులాబీ రంగు నీళ్లు. "ఇంతేనా?" అన్నాను. "మీ అన్నగారి రక్తమంతా పొద్దుగూకేదాకా వడబోస్తే ఇదీ" అంది డాక్టరమ్మ. అది బొట్టుబొట్టుగా దిగుతున్నంతసేపూ సంచీ కేసే చూశాను. నాకు నువ్వు సందు మొదట్లో మలుపు తిరగ్గానే వినిపించే సైకిలు గంట గుర్తొచ్చింది. అలా వచ్చావు, అన్నయ్యా. ఏమీ పగలగొట్టకుండా వచ్చావు.

రెండు రోజులాగి ఆటగాళ్లనూ వదిలారు. ఇప్పుడు చేయాల్సిందేమీ లేదట, ఎదురుచూడటమే. నీ మూలుగ నా ఎముకల్లో పాదుకోవాలి, నీ సైనికులు నా గోడల జోలికి రాకూడదు. పొద్దున్నే నా అరచేతులు తిప్పి చూసుకోవడం అలవాటైంది. దద్దుర్లు మొదట అక్కడే వస్తాయట. ఇవాళ్టికి లేవు.

యంత్రం మీద నువ్వు పొద్దంతా నోరు మెదపలేదని ఆసుపత్రంతా చెప్పుకుంటోంది. నిజమేనా? పాపం, బాగా నొప్పిగా ఉండి ఉంటుంది.

నీ చెల్లి

*

మైకుల మరమ్మతు షాపు

చెల్లాయికి, సమాధానం!

నీకు వండిపెట్టడానికి మీ వదినను అక్కడే వదిలి వచ్చాను కదా, నా వంట నేనే చేసుకుంటున్నాను. ఇప్పుడు మళ్లీ ఉపవాసం చాలా సులువుగా కనిపిస్తోంది.

తెల్ల కణాలు మొలకెత్తాయని మీ వదిన రాసింది. షాపులో అన్ని స్పీకర్లూ ఒకేసారి పెట్టి స్తోత్రగీతం వేశాను. పక్క షాపు చెప్పులాయన వచ్చి, "ఎవరి పెళ్లి?" అన్నాడు. "నా చెల్లి ఎముకలది" అన్నాను. ఏమనుకున్నాడో, ఒక స్పీకరు తనవైపు తిప్పి పెట్టి వెళ్లాడు.

అరచేతులు ఎలా ఉన్నాయి? ఈ మధ్య ఆ సంగతి రాయవేం?

సంఘం బాగానే ఉంది. వారం వారం కూడుతున్నాం. అందరూ నీ గురించే అడుగుతారు. "మన ఉపవాసం దేవుడు ఆలకించాడు" అంటాడు లారీ డ్రైవరు. అప్పుడు నేను వెంటనే పాట అందుకుంటాను. ఈ మధ్య పాటలు ఎక్కువయ్యాయి, ప్రసంగం తగ్గింది. జనం ఇదంతా నా నీరసం అనుకుని జాలిపడుతున్నారు. మొన్న ఇస్త్రీ అవ్వ నా చేతులు పట్టుకుని, "ఎంత చిక్కిపోయావయ్యా" అంది. నాకు భూమి చీలి మింగేస్తే బావుండనిపించింది. లేఖనంలో కొందరికి అలా జరిగింది కూడా.

చెబుతాను. చెప్పకుండా ఎన్నాళ్లుంటాను? కాస్త నీ కబురు మంచిగా రానీ.

అన్న

*

ఆసుపత్రి వెనక వీధి, అద్దె గది

అన్నయ్యకు,

అరచేతుల గురించి ఎందుకు రాయలేదంటే, వచ్చాయి కాబట్టి.

ఆసుపత్రి నుంచి ఈ గదికి మారిన వారానికే ఒక పొద్దున రెండు చేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పాదాలు కూడా. వదిన చూసి చెప్పులు తొడుక్కుని, ఆటో పిలిచింది. దారంతా నా వేళ్లు వదల్లేదు. డాక్టరమ్మ చేతులు తిప్పి చూసింది, మెడ చూసింది, నాలుక చూసింది, కడుపు నొక్కి చూసింది. మొదలైందనుకున్నాను. నీ వాళ్లు గోడలెక్కారనుకున్నాను. నిజం చెప్పాలా? నీమీద పట్టరాని కోపం వచ్చింది. మొదటి రోజు పోగొట్టిన ఆ సగం మంది ఉంటే ఇలా అయ్యేది కాదేమో అనిపించింది. అందుకే రాయలేదు. రాస్తే ఆ మాటే రాసేదాన్ని.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "పసుపు కార్డే. ఎర్రది కాదు" అంది. నా భాష నేర్చేసుకుంది! పూత మందు ఇచ్చింది. రోజూ వచ్చి చూపించుకోమంది. నాలుగైదు రోజులు మండింది, దురదపెట్టింది, పొట్టు రాలింది. ఆ తర్వాత నీ సైనికులు చర్మం దగ్గరే ఆగిపోయి వెనక్కి మళ్లారు. పేగుల దాకా పోలేదు, కాలేయం జోలికి రాలేదు. ఎవరో ఆపారన్నమాట. రెండో రోజు నువ్వు తిని, తాగి, నోరు మూసుకుని పంపినవాళ్లు.

నిన్నటి పరీక్షలో నా ఒంట్లో ఉన్న రక్తమంతా నీదేనని తేలింది. రక్తం గ్రూపు కూడా నీదే అయింది. కాన్సరు జాడ లేదు. వదిన ఈ మాట వినగానే, "ఇక ఇంట్లో ఇద్దరు మైకులా" అని నెత్తి పట్టుకుంది.

మంచి కబురు వచ్చేసింది కదా. ఇక వాళ్లకు చెప్పు.

నీ చెల్లి

*

మైకుల మరమ్మతు షాపు

చెల్లాయికి,

చెప్పాను.

మైకు పెట్టుకోలేదు. హాల్లో లేచి నిలబడి, ముందు నీ రక్తం సంగతి చెప్పాను. చప్పట్లు, స్తోత్రాలు, లారీ డ్రైవరు ఈల. అవి ఆగాక అన్నాను: "ఇది మన ఉపవాసం వల్ల రాలేదు. నా ఉపవాసం వల్ల నా చెల్లి చావబోయింది. నేను ఒట్టు తప్పి తిన్నాను. గుడ్లు తిన్నాను. మీరు నా కోసం పస్తులుంటే నేను లాడ్జిలో కూర్చుని తిన్నాను. ఇకపై ఈ చోట నిలబడే అర్హత నాకుందో లేదో మీరే చెప్పండి."

కింద టైర్ల షాపులో గాలి కొట్టే చప్పుడు వినబడుతోంది.

అప్పుడు ఇస్త్రీ అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! "నాయనా, నేను మొదటిరోజు సాయంత్రమే తిన్నాను. కళ్లు తిరిగాయి మరి" అంది. వెనక నుంచి లారీ డ్రైవరు, "నేను మధ్యాహ్నమే. దారిలో హోటలు వాసనొచ్చింది" అన్నాడు. ఇక చూడు, ఒక్కొక్కరే లేచారు! ఒకామె రెండో రోజు, ఒకాయన మూడో రోజు, ఒక జంట అయితే ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే హోటల్లో తినబోయి ఎదురుపడ్డారట. నలభై మందిలో నిలబెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. దర్జీని అడిగితే, "ఏ ఉపవాసం?" అన్నాడు.

నవ్వీ నవ్వీ హాలు అదిరిపోయింది. నేనూ నవ్వాను. తర్వాత అడిగాను, "మరి నాకెందుకు చెప్పలేదు?" అని.

అవ్వే చెప్పింది, మెత్తగా: "అరుస్తావని, నాయనా."

అంతే అంది. కోపంగా కాదు. వాన పడుతుందని గొడుగు తెచ్చుకున్నాను అన్నట్టు అంది.

కూర్చుండిపోయాను, చెల్లాయ్. ఇన్నేళ్లుగా నిప్పులాంటి మాట చెబుతున్నానని మురిసిపోయాను. వీళ్లు చలి కాచుకుంటున్నారనుకున్నాను. చేతులు కాలకుండా దూరం జరిగి కూర్చున్నారని తెలియదు. పళ్లు లేని ఒక ముసలిది, కళ్లు తిరిగితే తిన్నానని నాతో చెప్పుకోలేకపోయింది.

ఒక్కటి డాక్టరమ్మను అడిగి రాయి. నా రక్తంలో తగువులాపే కణాలు ఉన్నాయని లాబు వాళ్లు ఏరి మరీ చూపించారు కదా. నా ఒంట్లో అలాంటివి ఉన్నట్టు నాకే ఎప్పుడూ అనుమానం రాలేదు. ఉన్నవన్నీ నీకే పంపేశానా? లేక కొన్ని మిగిలాయా? నవ్వకుండా అడుగు.

అన్న

*

అద్దె గది,
మేడ మెట్ల మీంచి

అన్నయ్యకు,

అడిగాను. నవ్వకుండానే అడిగాను. డాక్టరమ్మ కూడా నవ్వలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

అవి తీసేస్తే అయిపోయేవి కావట. నువ్వు లాడ్జి ఖాళీ చేసి ఇల్లు చేరి నాలుగు రోజులు గడిచేసరికే నీ ఒంట్లో మళ్లీ పుట్టేసి ఉంటాయట. ఎన్ని ఇచ్చావో అన్నీ. అవి లేకుండా ఏ మనిషీ బతకడట, ఎంత గట్టిగా అరిచేవాడైనా సరే. "మీ అన్నగారికి ఎప్పుడూ ఉన్నాయి. బయటికి పిలవాలి, అంతే" అంది.

కాబట్టి కొరతేమీ లేదు. వచ్చే వారం సంఘానికి కాస్త ముందుగా వెళ్లి, మూడో వరుసలో దర్జీ పక్కన కూర్చో. అవ్వ వస్తుంది. "తిన్నావా?" అని అడుగు. నిజం చెబుతుంది, చూడు.

నీ చెల్లి